నలభై మూడు అడుగులు

బాజీ సార్ ప్రతి ఉదయం టేపు పట్టుకుని కొలిచేవాడు.
నిన్న కొలిచిందే కదా సార్ అంటే
నేల రాత్రిళ్లు జరుగుతుందమ్మా, నీకు తెలీదు, అనేవాడు.
రబ్బరు పలక నుంచి హోం ప్లేటు దాకా
నలభై మూడు అడుగులు.
మా గడప నుంచి వీధి కుళాయికి కూడా దాదాపు అంతే.
బిందెతో నడిచి చూసుకున్నాను.

అమ్మ ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీలో
మిరపకాయల తొడిమలు తీసి వచ్చేది.
ఆ మంట సబ్బుకి పోదు, మజ్జిగకి కాస్త తగ్గుతుంది.
నా తుంటి పక్కన నీలం మచ్చ చూసి
ఎవరు కొట్టారే కెజియా, అంది ఒక రాత్రి.
నేనే, అన్నాను.
చెయ్యి గుండ్రంగా తిరిగొచ్చి తుంటిని రాసుకుంటూ
బంతిని వదిలే చోటది,
రోజుకి రెండొందల సార్లు.
నమ్మలేదు. బావి గిలకలా చెయ్యి తిప్పి చూపించాను.
గూట్లో స్టీలు గ్లాసులు మూడు ఎగిరి గంగాళంలో పడ్డాయి.
అప్పుడు నమ్మింది.

సాఫ్ట్‌బాలా, మెత్తగా ఉంటుందా,
అని అడిగేవాళ్లు బ్రాడీపేట ఆటోల్లో.
క్యాచర్ వహీదా బొటనవేలి గోరు
రెండుసార్లు నల్లబడి ఊడింది.
అయినా నా డ్రాప్ బాల్‌కి చెయ్యి చాచేది
ముద్దకి చాచినట్టు.

రిజర్వేషన్ లేని పెట్టెలో
బ్యాట్ల సంచి తలకింద, గోంగూర సీసా మోకాళ్ల మధ్య,
రెండు రాత్రులు ఉత్తరానికి.
డిగ్రీ మూడో ఏడు సెమీఫైనల్లో
పదకొండు మంది చేత గాలిని కొట్టించి పంపాను.
జిల్లా పేజీలో వేశారు.
పేరు తప్పు, ఫోటో వహీదాది.

బీపీఎడ్ చివరి ఏడు, చివరి ఇన్నింగ్స్,
మూడు బేసులూ నిండి ఉన్నాయి.
భుజంలో ఎక్కడో నానిన తాడు ఒక పోగు తెగింది.
నాకు వినబడింది. ఇంకెవరికీ వినబడలేదు.
బంతి వహీదా నెత్తిమీదుగా పోయి
వెనక వలలో చిక్కుకుంది.
మూడో బేసులోని పిల్లకి పరిగెత్తే అవసరం కూడా లేకపోయింది,
నడిచే ఇంటికొచ్చింది.

సార్ తిట్టలేదు.
స్టేషన్లో నిమ్మకాయ సోడా కొని
మూత తనే తీసి ఇచ్చాడు, ఎడమ చేతికి.

పెద్దాసుపత్రి డాక్టరు బరువులెత్తొద్దన్నాడు.
ఉద్యోగాల కౌంటర్లో గుమస్తా
ఆటల జాబితా మీద వేలు జార్చుకుంటూ పోయి
కింద గోడ దాకా చూసి
ఇందులో లేదమ్మా, అన్నాడు.
ఆ ఏడాది ఎవరి మ్యాచ్‌కీ పోలేదు.
బంతి ఒకటి పప్పుడబ్బా వెనక దాచాను. అమ్మకి తెలుసు.

తర్వాత సార్ రిటైరయ్యాడు.
విజిలూ టేపూ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టిచ్చి
మోకాళ్లనొప్పి గురించి మాత్రం మాట్లాడాడు.

ఇప్పుడు నల్లపాడు గ్రౌండులో తొమ్మిది మంది పిల్లలు,
గ్లవ్స్ ఐదు, బంతులు నిన్నటిదాకా నాలుగు.
వాళ్లలో రమావత్ అంజూష హాస్టలు పిల్ల.
ఎడమచేతి వాటం.
ఏం చెప్పినా తిరగేసి చెప్పాలి దానికి.
నా కుడిచెయ్యి చెవి దాటి లేవదు కనుక
ఎడమచేత్తోనే విసిరి చూపించబోయాను.
బంతి మా ఇద్దరి మధ్యే నేలకి తగిలి
కుక్కపిల్లలా నా కాళ్ల దగ్గరికే వచ్చింది.
మేడమ్, మీకు రాదా, అంది.
రాదు, అన్నాను. ఈ చేత్తో ఇంకా రాదు.
పిల్లలంతా నవ్వారు. నాకూ ఆగలేదు.

ఆరు వారాలుగా ఇద్దరం ఒకే పాఠంలో ఉన్నాం.
అది నాకంటే ముందుంది.
దాని బంతి వలకి తగిలిన చప్పుడుకి
నా కుడి మణికట్టు దానంతటదే ఒకసారి విదిలించుకుంటుంది.
జేబులో పెట్టుకుంటాను.

ఈ పొద్దున మంచింకా వదలకముందే వచ్చింది.
నేను గీతల దగ్గర వంగి ఉన్నాను.
నిన్న కొలిచారుగా మేడమ్?
సార్ మాట నాలిక చివరిదాకా వచ్చింది.
చెప్పలేదు.
ఆ చివర పట్టుకో, అన్నాను.
గట్టిగా లాగకు, పాతది.